చెవితో చదువుకునే తెలుగు

ఈ పత్రిక చదివే మిత్రులు కొందరు ఈమధ్య నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. పిల్లలకు తెలుగు చదవడం రాదు, కథల పుస్తకం ఇస్తే పక్కన పెట్టేస్తారు, చూపించదగిన సినిమాలేమైనా చెప్పండి అని. ప్రశ్న చిన్నదే గాని, జవాబు అంత చిన్నది కాదు.

రాజపాళయంలోనూ, తెన్‌కాశి దారిలో ఉన్న మా సేత్తూరులోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ తెలుగు ఇంటిమాట. నోట ఉంది, చేతిలో లేదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తర్వాత ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. అంతకుముందు కూడా మన పక్క తెలుగు బడి అందిన ఇళ్లు తక్కువే. సంతకం తమిళంలో, పెళ్లిపత్రిక తమిళంలో, సమాధిరాయి తమిళంలో. తెలుగు మాత్రం వంటింట్లో, వీధి అరుగు మీద, పొలం గట్టున. ఇలాంటి ఇంట పుట్టిన పిల్లవాడికి తెలుగు సాహిత్యం మొత్తం తాళం వేసిన గది. అక్షరంతో పని లేకుండా లోపలికి తీసుకుపోయే వాకిలి ఒకటే మిగిలింది, అది సినిమా.

అయితే మన ఊరి థియేటరుకు వచ్చే తెలుగు సినిమాకు ఒక వింత గతి ఉంది. 'బాహుబలి' (2015) వచ్చింది, 'ఆర్.ఆర్.ఆర్.' (2022) వచ్చింది, 'పుష్ప' (2021) వచ్చింది. అన్నీ తమిళం మాట్లాడుతూనే వచ్చాయి. 'పుష్ప' సంగతే చూడండి. శేషాచలం అడవుల కథ. అందులో అల్లు అర్జున్ నోట పలికించింది చిత్తూరు యాస. తెరమీద వినిపించే తెలుగుల్లో మన ఇంటిమాటకు కాస్త దగ్గరి చుట్టం అదే. మన దాకా వచ్చేసరికి ఆ యాసే లేదు. బొమ్మ మిగిలింది, మాట పోయింది. వ్యాపారం లెక్కలో అది సబబే కావచ్చు. కాని మన పిల్లలు తెలుగు సినిమా చూశామనుకుంటూ తెలుగు వినకుండానే పెద్దవాళ్లవుతున్నారు.

కాబట్టి కింద చెప్పేది గొప్ప చిత్రాల జాబితా అనుకోవద్దు. రెండే రెండు చూసి ఎంచుకున్నాను. ఆ చిత్రంలో ఎవరి మాట వినిపిస్తోంది? ఆంధ్రకు, తెలంగాణకు దూరంగా, తమిళనేల మీద బతుకుతున్న మనకు అది ఏం చెబుతోంది? కొన్ని తెలుగువి, కొన్ని తమిళంవి, ఒకటి రెండు మనకు పేరైనా తెలియని భాషలవి.

మన కథ, తమిళ గొంతు

మొదటిది తమిళ చిత్రమే. 1959లో బి.ఆర్. పంతులు తీసిన 'వీరపాండియ కట్టబొమ్మన్'. కోవిల్‌పట్టి దాటి తిరునెల్వేలికి పోయే దారిలో కయత్తారు తగులుతుంది. 1799 అక్టోబరు 16న పాంచాలంకురిచ్చి పాలెగాడు కట్టబొమ్మన్‌ను ఇంగ్లీషు కంపెనీవాళ్లు ఉరితీసింది అక్కడే. శివాజీ గణేశన్ ఆ పాత్రకు ప్రాణం పోశారు. 1960లో కైరోలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది ఈ చిత్రానికే. కిస్తీ అడిగిన దొరకు ఎదురు చెప్పే ఆ సన్నివేశంలోని మాటలు తమిళ బడుల్లో తరతరాల పిల్లలు బట్టీపట్టి వప్పజెప్పారు. మనలోనూ ఎందరో వప్పజెప్పి ఉంటారు.

కట్టబొమ్మన్ పుట్టింది తెలుగు ఇంటిమాటగా గల రాజకంబళ నాయకుల కులంలో. ఆ మాట ఎంతమంది పిల్లలకు తెలుసు? చిత్రంలో ఆయన సభలో తమిళం, యుద్ధంలో తమిళం, ఇంట్లో ఆడవాళ్లతో తమిళం. అదీ సామాన్యమైన తమిళం కాదు, నాటకరంగం మీద గంట కొట్టినట్టు మోగే తమిళం. రెండు భాషల మధ్య బతికిన మనిషి, కొలువులో ఒక మాట, కొంపలో ఒక మాట మాట్లాడిన మనిషి ఎలా ఉండేవాడన్న ప్రశ్న ఆ చిత్రానికి రాలేదు. వీరుడికి ఒకే గొంతు ఉండాలని చరిత్ర చిత్రాలన్నీ అనుకుంటాయి. తమాషా ఏమిటంటే, ఇదే చిత్రం 'వీరపాండ్య కట్టబ్రహ్మన' పేరుతో తెలుగులోకి డబ్బింగు అయింది. ఆ పాలెగాడి ఇంటిమాట ఆయనకు డబ్బింగు రూపంలో తిరిగి వచ్చిందన్నమాట.

ఇది ఫిర్యాదు కాదు. ఇంటిమాట ఏమిటని అడగకుండా తమిళులు ఆయన్ను తమవాడిగా గుండెల్లో పెట్టుకున్నారు. అది వాళ్ల పెద్దమనసు. చిత్రంగా చూస్తే నాటక వాసన ఎక్కువే. అయినా శివాజీ వాక్కు ముందు ఆ లోపం నిలవదు. నేను చెప్పేదల్లా ఇంతే. ఈ చిత్రం పిల్లలతో కూర్చుని చూడండి, చూశాక ఆ తెలుగు సంగతి చెప్పండి. తమిళ వీరుడు, తెలుగు ఇల్లు, రెండూ ఒకే మనిషిలో ఇమడగలవని తెలిస్తే మన పిల్లవాడికి తన మీద తనకు కొంచెం ధైర్యం వస్తుంది.

దీని పక్కనే చూడవలసింది అంశన్ కుమార్ తీసిన 'ఒరుత్తి' (2003). కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టి, తమిళ కరిసల్ సాహిత్యానికి పెద్దదిక్కైన కి. రాజనారాయణన్ రాసిన 'కిడై' దీనికి మూలం. మన పూర్వులు దక్షిణానికి తరలివచ్చిన కథను 'గోపల్లపురం'లో ఆయన తమిళంలోనే రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 2021లో ఆయన కన్నుమూశారు. 'ఒరుత్తి' హంగులు లేని చిత్రం. నల్లరేగడి నేల, గొర్రెల మంద, మంద కాసే చోట పుట్టిన ప్రేమ, ఆ ప్రేమకు కులం అడ్డుపడటం. వేగం తక్కువ. పాటలు, పోరాటాలు అలవాటైన వాళ్లకు మొదటి అరగంట ఓపిక కావాలి. ఆ తర్వాత అది మన నేల అన్న సంగతే మనల్ని పట్టి కూర్చోబెడుతుంది.

మదరాసులో పుట్టిన తెలుగు

తెలుగు సినిమాకు దశాబ్దాల పాటు ఇల్లు మదరాసే. వాహినీ, విజయా స్టూడియోల్లో ఒకే కథను ఉదయం తెలుగులో, సాయంత్రం తమిళంలో తీసిన రోజులున్నాయి. 'పాతాళభైరవి' (1951), 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957) రెండు భాషల్లోనూ ఉన్నాయి. వాటి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. పిల్లలతో మొదలుపెట్టడానికి 'మాయాబజార్‌'ను మించింది లేదని మాత్రం అందరూ ఒప్పుకుంటారు.

నేను ముందు చూపమనేది 'త్యాగయ్య' (1946). చిత్తూరు నాగయ్య తానే నిర్మించి, దర్శకత్వం వహించి, నటించి, పాడిన చిత్రం. త్యాగరాజు (1767-1847) కావేరి ఒడ్డున తిరువయ్యారులో బతికాడు. చుట్టూ తమిళం. ఆయన పాడింది తెలుగు. బతుకు తమిళనేల మీద, మనసులో మాట తెలుగులో. సరిగ్గా మన పరిస్థితే. మనం ఆంధ్రదేశం విడిచి వచ్చిన అనాథలం అనుకునేవాళ్లకు ఆయన పెద్ద సమాధానం. ఈ నేల మీదే, ఇక్కడి నీళ్లు తాగుతూనే తెలుగులో అంత ఎత్తుకు వెళ్లవచ్చు. చిత్రం పాతది, ప్రింటు అరిగిపోయింది, నడక మందం. నాగయ్య గొంతులోని తడి మాత్రం ఆరలేదు.

తర్వాత 'మల్లీశ్వరి' (1951). బి.ఎన్. రెడ్డి దర్శకత్వం, భానుమతి, ఎన్.టి. రామారావు. దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకు రాసిన తొలి రచన ఇది. సాలూరు రాజేశ్వరరావు సంగీతం. శ్రీకృష్ణదేవరాయల కాలపు కథ. మన ఇళ్లలో విజయనగరం అంటే వంశాల కథ, కత్తుల కథ, మేము ఫలానా దొర వెంట వచ్చామన్న కథ. ఈ చిత్రం ఆ రాజవైభవాన్ని పల్లకీ లోపల కూర్చున్న ఆడపిల్ల కళ్లతో చూపిస్తుంది. రాణివాసం ఆమెకు బంగారు పంజరం. తల్లి ఆశ, రాజు మాట, రెండూ కలిసి ఒక చిన్న జీవితాన్ని ఎలా పిండేస్తాయో చూశాక, పూర్వవైభవం గురించి మనం చెప్పుకునే కబుర్లు కొంచెం నెమ్మదిస్తాయి. మాటలో సుకుమారం ఎక్కువ. మన పిల్లలకు సగమే అర్థమవుతుంది. మిగిలిన సగం పాట మోసుకుపోతుంది.

మూడోది 'మరో చరిత్ర' (1978). తమిళుడైన కె. బాలచందర్ తెలుగులో తీసిన నలుపు తెలుపు చిత్రం. తెలుగు రాని తమిళ అబ్బాయి, తమిళం రాని తెలుగు అమ్మాయి, విశాఖపట్నం సముద్రం. డబ్బింగు లేకుండా తెలుగులోనే మదరాసులో ఏడాది దాటి ఆడింది. ప్రేమకథగా చూస్తే దీని చివరితో నాకు పేచీ ఉంది. ఇద్దర్నీ చంపకపోతే ప్రేమ గొప్పదని నమ్మరేమోనన్న భయం ఆనాటి దర్శకులది. కాని భాష తెలియని ఇద్దరు ఒకరికొకరు మాట నేర్పుకునే మొదటి సగం ఇప్పటికీ తాజాగా ఉంది. సినిమా పేర్లనే గుచ్చి అల్లిన పాట ఒకటుంది అందులో. తెలుగు రానివాడికి తెలుగు సినిమా పేర్లే మొదటి నిఘంటువు అయింది. మన పిల్లల సంగతీ దాదాపు అంతే.

ఎన్నో తెలుగులు

మనవాళ్లలో ఒక బెరుకు ఉంది. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఎవరైనా వస్తే మన నోరు మూతపడుతుంది. మాది శుద్ధ తెలుగు కాదు లెండి అని ముందే తప్పు ఒప్పుకున్నట్టు మాట్లాడతాం. ఈ బెరుకు పోవాలంటే తెలుగు ఒకటి కాదని చెవికి తెలియాలి. అందుకు కొన్ని చిత్రాలు.

'మాభూమి' (1979). గౌతం ఘోష్ అనే బెంగాలీ దర్శకుడి తొలి కథాచిత్రం. కృషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం, నిర్మాత బి. నర్సింగరావు. తెలంగాణ రైతాంగ పోరాటం కథ. గద్దర్ తెరమీద కనిపించి పాడిన చిత్రం. దానికి రెండేళ్ల ముందు మరో బెంగాలీ, మృణాల్ సేన్, ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను 'ఒక ఊరి కథ'గా తెలుగులో తీశారు. మనం ఎంత చాకిరీ చేసినా ఇంకొకడే బాగుపడతాడు గనుక పనే చెయ్యనని భీష్మించే ముసలి వెంకయ్యగా వాసుదేవరావు నటన చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. తెలుగు రాని దర్శకులు తెలుగు పల్లెను ఇంత దగ్గరగా చూడగలిగారు. ఇంటిమాటే తెలుగైన మనం దాన్ని చిన్నచూపు చూడటం బాగుందా?

ఈ వరుసలో నా మనసుకు అన్నిటికన్నా పెద్దది 'దాసి' (1988). బి. నర్సింగరావు దర్శకత్వం. 1920ల నాటి తెలంగాణ గడీలో కట్నంతో పాటు వస్తువులా వచ్చిన కమలాక్షి కథ. మాటలు చాలా తక్కువ. గడప, వసారా, నీళ్ల గది, దొర అడుగుల చప్పుడు. ఇల్లు ఎంత పెద్దదైతే ఆమె అంత చిన్నదవుతుంది. ఎ.కె. బీర్ కెమెరా, వైకుంఠం కళాదర్శకత్వం కలిసి ఆ గోడలకే నోరిచ్చాయి. అర్చన ఈ పాత్రకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం అందుకున్నారు. అంతకు ముందరి ఏడాది పురస్కారం కూడా ఆమెదే, తమిళంలో బాలు మహేంద్ర తీసిన 'వీడు' చిత్రానికి. వరుసగా రెండేళ్లు, ఒకటి తమిళం, ఒకటి తెలుగు. ఒక నటి రెండు భాషల్లో ఒకే నిజాయితీతో బతకగలదని ఇంతకన్నా రుజువు ఏం కావాలి? 'వీడు'లో ఇల్లు కట్టుకోవడానికి నలిగిపోయే ఉద్యోగిని, 'దాసి'లో తనదంటూ ఏమీ లేని బానిస. రెండూ ఒకే వారంలో చూడండి. మా వీధిలో నలుగురితో కలిసి 'దాసి' చూసినప్పుడు, ఆఖరి భాగంలో ఆమె కడుపు తీయించే ఘట్టం దగ్గర పెద్దవాళ్లెవరూ మాట్లాడలేదు. గడీలు మన పక్క లేకపోవచ్చు. జమీను ఇళ్లు ఉన్నాయి, వాటిలో పనికి పోయిన ఆడవాళ్లూ ఉన్నారు. పిల్లలకు కాదు ఇది, పెద్దవాళ్లకు.

ఇటీవలి వాటిలో 'కేరాఫ్ కంచరపాలెం' (2018) తప్పనిసరి. దర్శకుడు వెంకటేష్ మహా. నటుల్లో చాలామంది విశాఖ కంచరపాలెం వాసులే, అంతకుముందు నటించినవాళ్లు కారు. నాలుగు వయసుల్లో నాలుగు ప్రేమలు, వాటి మధ్య కులం, మతం. ఉత్తరాంధ్ర మాట ఏ మెరుగూ పెట్టకుండా వినిపిస్తుంది. చివరి మలుపు ఇక్కడ చెప్పను. 'మల్లేశం' (2019) చేనేత ఇంటి కథ. పోచంపల్లి చీరకు ఆసు పోసే తల్లి చెయ్యి వేలసార్లు ఇటూ అటూ తిరిగి భుజం పడిపోతుంటే, చదువు మధ్యలో ఆపేసిన కొడుకు చింతకింది మల్లేశం యంత్రం కనిపెట్టిన నిజగాథ. 1936లో మొదటి మిల్లు లేచిన రాజపాళయంలో, గాజుగుడ్డ నేసే సత్రపట్టి పక్కన ఉండే మనకు ఆ మగ్గం చప్పుడు కొత్తది కాదు. హీరో కష్టాలను కాస్త ఎక్కువగా పేర్చారు గాని, తల్లిగా ఝాన్సీ భుజం పట్టుకునే తీరు మరిచిపోలేం.

'బలగం' (2023) మరో రకం. ముసలాయన చచ్చిపోతాడు, పిండం పెడితే కాకి ముట్టదు. అంతే కథ. తెలంగాణ పల్లెల్లో ఊరూరా తెరలు కట్టుకుని జనం కలిసి చూశారు. మొదటి సగంలో హాస్యం అక్కడక్కడ శ్రుతి మించింది. చివర బుర్రకథవాళ్లు వచ్చి చనిపోయినవాడి కథ పాడేసరికి ఆ కొరత మరిచిపోతాం. చావు ఇంట్లో ఎవరు ఏం మాట్లాడాలో, అలిగిన ఆడపడుచును ఎలా పలకరించాలో అన్న సంగతులు ఏ భాషలోనైనా అన్నిటికన్నా చివర పోయేవి. మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఇది చూస్తే వాటి విలువ తెలుస్తుంది.

అన్నిటిలో మనకు దగ్గరగా వచ్చేది 'సినిమా బండి' (2021). ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు. ఆంధ్ర-కర్ణాటక సరిహద్దు పల్లె. ఆటో తోలే వీరబాబుకు ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. ఊళ్లో పెళ్లి ఫొటోలు తీసే గణపతి కెమెరా పడతాడు, క్షౌరశాల నడిపేవాడు హీరో, కూరగాయలు అమ్మే అమ్మాయి హీరోయిన్. నవ్వొస్తుంది, నవ్వు కింద మరొకటి ఉంది. సరిహద్దు మాట, రెండు భాషలు పెనవేసుకున్న మాట, ఎవరికీ క్షమాపణ చెప్పకుండా తెరనిండా వినిపిస్తుంది. మన తెలుగూ తెరమీద ఇలా వినిపించవచ్చన్న ఆశ నాకు దీని దగ్గరే కలిగింది.

కల్పన లేని చిత్రాలు

డాక్యుమెంటరీ అనగానే మనవాళ్లు లేచిపోతారు. సినిమాకు ముందు ప్రభుత్వం చూపించే వార్తాచిత్రాల జ్ఞాపకం అది. కింది నాలుగూ అలాంటివి కావు.

మొదటిది 'కుట్టి జపానిన్ కుళందైగళ్' (1990). బెంగుళూరుకు చెందిన చలం బెన్నూర్కర్ తీసినది. కుట్టి జపాను అంటే శివకాశి. మన జిల్లాలోనిదే. అగ్గిపెట్టెల, టపాకాయల పనిలో నలిగిన పిల్లల చిత్రం. తెల్లవారుజామున పల్లెలకు వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోయిన బస్సుల సంగతి మన పెద్దవాళ్లకు తెలుసు. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. 1996 డిసెంబరులో శివకాశి పిల్లల గురించే సుప్రీంకోర్టు పెద్ద తీర్పు ఇచ్చింది. 2016లో చట్టం ఇంకా బిగిసింది. ఈ చిత్రం ఆ తీర్పుకు ఆరేళ్ల ముందుది. మన చుట్టుపక్కల పరిశ్రమ ఎలా లేచిందని గర్వంగా చెప్పుకునేటప్పుడు, ఆ లేవడానికి ఏ చేతులు పనిచేశాయో కూడా పిల్లలకు తెలియాలి. దీపావళికి ముందు వారం చూపించండి.

రెండోది దివ్యభారతి తీసిన 'కక్కూస్' (2017). తమిళనాట మలం ఎత్తే పనిలో, మురుగుకాలువల పనిలో బతుకుతున్నవాళ్ల చిత్రం. 2013లోనే ఆ పనిని చట్టం నిషేధించింది. పని ఆగలేదని ఈ చిత్రం ఒక్కొక్క ఊరు తిరిగి చూపిస్తుంది. చాలాచోట్ల ప్రదర్శనకు అనుమతి ఇవ్వకపోతే దర్శకురాలే దాన్ని యూట్యూబులో పెట్టారు. మన పత్రికలో దీని మాట ఎందుకంటారా? ఈ పని నెత్తిన పడ్డ అరుంధతీయుల్లో ఎందరికో ఇంటిమాట తెలుగు. తమిళనాట తెలుగువాళ్లం అని సభల్లో లెక్క చెప్పుకునేటప్పుడు వాళ్లను కూడా కలిపి పెద్ద సంఖ్య చెబుతాం. సంఘం పెట్టేటప్పుడు, పత్రిక నడిపేటప్పుడు, ఉగాది పందిట్లో ముందు వరుస కుర్చీలు వేసేటప్పుడు వాళ్లు కనిపించరు. మన భాష కాపాడుకోవాలనే మాటకు అర్థముండాలంటే ఆ భాష మాట్లాడే అందరూ మనవాళ్లు కావాలి. చూడటం కష్టంగా ఉంటుంది. ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. అయినా చూడాలి.

మూడోది 'బాల' (1976). సత్యజిత్ రే తీసిన ముప్పై మూడు నిమిషాల చిత్రం. తమిళనాడు ప్రభుత్వం కూడా దీని నిర్మాణంలో పాలుపంచుకుంది. భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి (1918-1984) గురించి. ఆమె అవ్వ వీణ ధనమ్మాళ్ క్షేత్రయ్య పదాలకు పెట్టింది పేరు. ఆ తెలుగు పదం తమిళ ఇంట్లో తరతరాలు భద్రంగా ఉంది. ఆమె యౌవనం దాటాక తీసిన చిత్రమన్న కొరత ఉంది. రే కెమెరా కూడా గౌరవంతో కాస్త దూరంగానే నిలబడింది. కాని ఆ ముఖంలో పలికే భావం ముందు కొరత లెక్కకు రాదు.

నాలుగోది దూరదేశాల వాళ్లది, 'ది లింగ్విస్ట్స్' (2008). ఇద్దరు అమెరికన్ భాషాశాస్త్రజ్ఞులు, డేవిడ్ హారిసన్, గ్రెగరీ ఆండర్సన్, అంతరిస్తున్న భాషలు వెతుక్కుంటూ సైబీరియా, బొలీవియా, మన ఒడిశా తిరుగుతారు. ఒడిశాలో వాళ్లు విన్నది సవర భాష. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి (1863-1940) పర్లాకిమిడిలో ఉండి నేర్చుకుని, వ్యాకరణం రాసిన భాష అదే. సైబీరియాలో వాళ్లు చులిం అనే భాష మాట్లాడేవాళ్ల కోసం ముసలివాళ్లను గాలిస్తుంటారు. వాళ్ల కారు నడిపే వాస్యా పక్కన నిలబడి వింటూంటాడు. కొన్నాళ్లకు తెలుస్తుంది, ఆ భాష అతనికీ బాగా వచ్చునని. వచ్చునని చెప్పడానికి సిగ్గుపడ్డాడు. ఒకప్పుడు అతను రష్యన్ అక్షరాలతో తన భాషను రాసుకునే పద్ధతి తానే కల్పించుకుని దినచర్య రాసుకున్నాడట. ఎవరో చూసి నవ్వారు. పారేశాడు.

ఆ చోట నేను చిత్రం ఆపి కాసేపు కూర్చున్నాను. మన ఊళ్లలో భజన పాటలు, పెళ్లి పాటలు, అమ్మవారి పాటలు తమిళ అక్షరాల్లో రాసుకున్న నోటుబుక్కులు ఎన్ని చూశానో. తమిళ లిపిలో గ-క, ద-త తేడా రాదు గనుక పక్కన చుక్కలు, గీతలు పెట్టుకుని రాసుకున్నవి. వాటిని చూసి నవ్వే చదువుకున్నవాళ్లనూ చూశాను. ఆ నోటుబుక్కులు మన సాహిత్యం. ఎవరి ఇంట్లోనైనా అవ్వ పెట్టెలో ఉంటే పాత కాగితాల వాడికి వెయ్యకండి.

మనలాంటివాళ్లు

చివరగా రెండు చిత్రాలు క్లుప్తంగా. 'బ్యారి' (2011). దక్షిణ కన్నడ తీరపు ముస్లిముల ఇంటిమాట బ్యారి. కన్నడ అక్షరాల్లోనే రాసుకుంటూ వచ్చిన చిన్న భాష. ఆ భాషలో సువీరన్ తీసిన ఈ చిత్రం ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారాన్ని మరాఠీ చిత్రం 'దేవూళ్'తో పంచుకుంది. చిన్నవయసులో పెళ్లయి, పెద్దల పట్టుదలల మధ్య విడాకులకు గురైన నాదిరా కథ. తమ భాషలో వచ్చిన మొదటి పెద్ద చిత్రంలోనే తమ లోపాలను తామే చూపించుకున్న ధైర్యం గమనించండి. సొంత భాషలో సినిమా అంటే డప్పు కొట్టుకోవడమే అనుకునేవాళ్లకు ఇది పాఠం.

రెండోది 'అతనార్జువత్' (2001). కెనడా ఉత్తర కొసన, మంచు మీద బతికే ఇన్యూట్‌లు తమ భాషలో తామే తీసుకున్న మొదటి కథాచిత్రం. దర్శకుడు జకారియాస్ కునుక్. దాదాపు మూడు గంటలు. ముసలివాళ్ల నోట ఒకే కథను రకరకాలుగా విని, ఆ రూపాలన్నీ కలిపి రాసుకుని తీశారు. కాన్ ఉత్సవంలో తొలిచిత్రానికి ఇచ్చే కెమెరా డోర్ బహుమతి దానికే వచ్చింది. కథ కొంత అయోమయంగా మొదలవుతుంది. మంచు మీద కాళ్లకు ఏమీ లేకుండా పరుగెత్తే మనిషిని చూశాక మాత్రం ఎవరూ లేచిపోరు.

లేని చిత్రం

చూసే పద్ధతి గురించి ఒక మాట. ఫోనులో, టి.వి.లో కొత్త చిత్రాలు చాలావాటికి భాష మార్చుకునే వీలుంది. పిల్లలు తమిళం మీద నొక్కి వదిలేస్తారు. పెద్దవాళ్లు కూర్చుని తెలుగు మీద నొక్కండి. మొదటి పావుగంట గొణుగుతారు, తర్వాత అలవాటు పడతారు. ఒంటరిగా వదలకండి. తెలియని మాట వచ్చినప్పుడు ఆపి, మన ఇంట్లో దాన్ని ఏమంటామో చెప్పండి. అంగడిని వాళ్లు కొట్టు అంటారు, దుకాణం అంటారు. మనది తప్పు కాదు, వాళ్లదీ తప్పు కాదు. నెలకు ఒకటి చాలు.

ఈ జాబితాలో ఒక చోటు ఖాళీగా ఉంది. కట్టబొమ్మన్ ఇంటి తెలుగు, ఇడైసెవల్ తెలుగు, రాజపాళయం తెలుగు, సేత్తూరు తెలుగు ఉన్నది ఉన్నట్టు వినిపించే చిత్రం నా కంటపడలేదు. తమిళ సినిమాలో మన మాట వినిపిస్తే చాలాసార్లు నవ్వించడానికే. తెలుగు సినిమాకు మనం ఉన్నామనే గుర్తుండదు. ఎవరో హైదరాబాదు నుంచి వచ్చి తీస్తారని ఎదురుచూడటం దండగ. వీరబాబుకైతే కెమెరా దారిలో దొరకాలి. మన ఇంట్లో ఒక్కొక్కరి జేబులో ఒకటి ఉంది.

పెద్ద సినిమా తియ్యమనడం లేదు. ఈ పండక్కి ఊరికి పోయినప్పుడు అవ్వను, తాతను కూర్చోబెట్టి అరగంట మాట్లాడించండి. బంధువుల వరసలు, వంటపాత్రల పేర్లు, పైరు పనుల పేర్లు, వాళ్లు చిన్నప్పుడు విన్న కథ ఒకటి, జోలపాట ఒకటి. మధ్యలో మీరు దిద్దకండి, తమిళం కలిస్తే కలవనివ్వండి. చివర ఊరి పేరు, తేదీ, మాట్లాడినవారి వయసు మీ గొంతుతో చెప్పి ఆపండి. రెండుచోట్ల దాచిపెట్టండి. మీలో ఎవరైనా ఇప్పటికే ఇలా తీసి ఉంటే, లేదా ఈ జాబితాలో ఉండవలసిన చిత్రం నేను వదిలేశానని తోస్తే, పత్రికకు రాయండి. వచ్చే సంచికల్లో ఆ మాటలు కూడా చేర్చుకుందాం.